దింపని సరుకు

మా ముత్తాత నరసింగరావు ఆత్మకూరు దగ్గర నాలుగూళ్లకు పట్వారీ. ఆయన తర్వాత ఆ పదవి చేసిన మా తాత రంగారావు ఊరు దాటాలంటే మేనా ఎక్కేవాడు. ఆయన కాలికి మన్ను అంటగా చూసినవాళ్లు లేరని చెప్పుకునేవారు. ఆ ఇంట పుట్టిన నేను జడ్చర్ల దగ్గర లారీల యార్డు నడుపుతున్నాను. అందుకు ఎవరి ముందూ తల దించను. ఇస్త్రీ చొక్కా లేకుండా యార్డులోకి అడుగుపెట్టను.

మా పనిని క్రాస్ డాకింగ్ అంటారు. వచ్చిన బండికీ పోయే బండికీ వెనకభాగాలు ఆనించి, గోదాములో పెట్టకుండా సరుకును నేరుగా మార్చడం. రెండో బండి ఆలస్యమైతే మాత్రం సరుకు నేలమీద దింపి తాటిపత్రి కప్పుతాం.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, ఎండాకాలం. నారాయణపేట నుంచి హైదరాబాదు పోయే లారీలో ఈశ్వరమ్మ అనే నేతమనిషి తన మగ్గం విప్పించి తెచ్చుకుంది. ఇక్కడ డీసీఎం వ్యానులోకి మార్చుకుని నల్లగొండ వైపు తమ్ముడి ఊరికి పోవాలి. ఆ వ్యానుకు దారిలో టైరు పేలింది. లారీ డ్రైవరేమో హారన్ ఆపడం లేదు.

"దింపుర్రా!" అని హమాలీల మేస్త్రి బాలయ్య కేకేశాడు.

మగ్గం కొయ్యలన్నీ దిగాయి. దుప్పట్లో చుట్టిన పొడుగాటి కట్ట ఒక్కటే మిగిలింది. ఈశ్వరమ్మ దానిమీద చేతులు వేసింది.

"అన్నా, గా మాట అనకు. దీన్ని దింపొద్దు."

"ఏందమ్మా, బంగారమా అండ్ల?"

"సగం నేసిన చీర. మా ఆయన నేసిండు. పడుగు గట్లనే ఉంది, మిగిలింది నేను నేస్త. మొన్న ఆయన్ను తోవల దింపిన్రు. మా తమ్ముడు చెవుల పిలిచిండు. లేవలే."

బాలయ్య తలగుడ్డ తీసేశాడు. పాడెను దారిలో నేలకు దింపి, పోయినవాళ్లను చెవిలో పేరుపెట్టి పిలవడం మా దగ్గర ఆనవాయితీ. వాళ్లు లేస్తారేమోనన్న ఆఖరి ఆశ అది.

కొయ్యలు దింపిన హమాలీలు అప్పటికే సిమెంటు లారీ మీదికి పోయారు. కట్టకు ఒక చివర బాలయ్య భుజం పెట్టాడు. రెండో చివర నేను పెట్టాను. లారీ వెళ్లిపోయింది.

"దొరా, మా తాత మీ తాత మేనా మోసిండు. ఇయ్యాల నాకు జోడు మీరు దొరికిన్రు."

"నోరు మూసుకుని నడువు."

"నడుసుడు యాడిది? నిలవడుడే గద!"

ఈశ్వరమ్మకు నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, మూటలోంచి పాత చీర తీసి మడత పెట్టి నా భుజానికీ కట్టకూ మధ్య దోపింది.

"సారు భుజానికి అలవాటు లేదు. జర గిది ఉండనియ్యుర్రి."

భుజాలు మార్చుకుంటూ నిలబడ్డాం. పొద్దు వాలినప్పుడు వ్యాను వచ్చింది. కట్ట మా భుజాలమీంచి నేరుగా వ్యానులోకి పోయింది. ఆమె దాని పక్కనే కూర్చుని, ఒడిలో పసిబిడ్డ ఉన్నట్టు ఒక చెయ్యి దానిమీద ఆనించింది.

కొన్నాళ్లకు అదే వ్యాను డ్రైవరు చెప్పాడు. పడుగులో పోగు తెగలేదట. చీర పూర్తయిందట. ఎక్కడ ఆయన నేత ఆగి ఎక్కడ ఆమె నేత మొదలైందో చూపించినా తెలియలేదట.

ఇప్పుడు మా యార్డులో 'దింపు' అనేముందు బాలయ్య సరుకు వెంట వచ్చినవాళ్ల మొహం చూస్తాడు. ఆ పని నేనూ నేర్చుకున్నాను. ఏ కట్టలో ఏముందో బయటికి కనిపించదు.

ఈశ్వరమ్మ మడిచి ఇచ్చిన పాత చీర నా దగ్గరే ఉంది. తాత మేనాను మాత్రం మా నాయిన కట్టెల అడితికి అమ్మేశాడు.