డయాలసిస్ కథలో నవ్వు

ఉద్దానం కిడ్నీ రోగుల మీద నేను రాసిన కథను ఈ మధ్యాహ్నం పలాస ఆసుపత్రిలో, డయాలసిస్ చేయించుకుంటున్న మా మేనత్తకు చదివి వినిపించాను. హాస్యం కలిస్తే బాధ పలచబడుతుందని ఎక్కడా నవ్వు రానీయకుండా రాసిన కథ అది.

అత్త చివరిదాకా వింది. "బాగానే రాసినావు గానీ, ఇందులో ఒక్కరూ నవ్వరేట్రా?" అంది.

"జబ్బు కథ కదత్తా, నవ్విస్తే బాగుండదు."

"కొబ్బరితోట ఉన్నదాన్ని, బొండాం తాగొద్దన్నారు. మంచినీళ్లు కూడా కొలిసి తాగమన్నారు. నవ్వు మానీమని డాక్టరు కూడా సెప్పనేదు. నువ్వెందుకు మానిపించీసినావు?"

పక్క మంచాలవాళ్లు పకపకా నవ్వారు. సూదులు కదులుతాయని నర్సు కసిరి, తనూ నవ్వేసింది.

ఆ వార్డులో నవ్వనివాణ్ని నేనొక్కణ్నే. మరి నేను రాసింది ఎవరి కథంటారు?