లాప్‌టాపు పంకా, బాపు చెవి

మొన్న మా బిడ్డ నిజామాబాదులో తన కొత్త ఉద్యోగం కోసం ఒక లాప్‌టాపు కొనుక్కొచ్చి, బొట్టు పెట్టమని నా ముందర పెట్టింది. పలకంత పలచగా, అప్పడమంత తేలికగా ఉన్న ఆ వస్తువుకు పసుపు కుంకుమ పెట్టి, నేను అందరిలాగా దాని తెర వైపు చూడకుండా వంగి చెవి ఆనించాను. ఏ సప్పుడూ లేదు. పంకా ఎక్కడుందని అడిగితే, ఈ రకానికి పంకానే ఉండదని చెప్పి, అందరూ కంప్యూటరును చూస్తారు, మా డాడీ మాత్రం వింటాడని వాళ్ళమ్మకు చెప్పి నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆమె అటు పోగానే దాని కింద అరచెయ్యి పెట్టి చూశాను. సల్లగా ఉంది. ఎందుకో చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఎందుకో అని ఊరికే అన్నాను గానీ, ఎందుకో నాకు తెలుసు. చెప్పులు గడప బయట విడిచి మొదటి కంప్యూటరును ముట్టుకున్న నా వయసువాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది, చెప్తే మీకూ తెలుస్తుంది. అయితే ముందే ఒక మాట. నా మాటల్లో సగం తీసేసి వినాలని బోధన్‌లో మా వాడకట్టంతటికీ ఎరుకే. చెరుకు బండి మీద నిద్రపోతే నన్ను కూడా చెరుకుతో కలిపి తూకం వేశారని నేను అల్లిన కథ ఊళ్ళు తిరిగి తిరిగి, చివరికి ఒక పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి అది తన మేనమామకు జరిగిందని నాకే చెప్పాడు. కాబట్టి ఇందులో ఎక్కడ ఎంత తీసెయ్యాలో మీ ఇష్టం. చివరకు వచ్చేసరికి మాత్రం తీసెయ్యడానికి ఏమీ మిగలదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, పట్నంలో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే మా మేనబావ తను వాడి వదిలేసిన లాప్‌టాపును నాకు ఇచ్చాడు. నేనప్పుడు బోధన్‌లో ఒక ప్రెస్సులో పెళ్ళిపత్రికలు టైపు చేసేవాణ్ణి. అది రుబ్బురోలంత బరువు. ఆన్ చేసి పది నిమిషాలు కాకముందే ఎండకాలం రేకుల ఇల్లులాగా కాగేది. దాని మూల మీద మా అక్క అప్పడాలు కాల్చేదని నేను చెప్తే నమ్మినవాళ్ళున్నారు. లోపలి పంకా కూతను జానకంపేట స్టేషన్‌లో గార్డు తన విజిలే అనుకుని బండి వదిలేశాడని చెప్తే అదీ నమ్మారు. నవ్వించడానికి అన్నవి అవన్నీ. వేడి మాత్రం నిజం, కూతా నిజమే.

మేము బాపు అని పిలిచే మా నాయన వర్ని రోడ్డు మీద ఉండిన ఒక చిన్న చక్కెర మిల్లులో ఫిట్టరు. బోధన్ అనగానే అందరికీ యాదికొచ్చే పెద్ద ఫ్యాక్టరీ కాదు, దీని పేరు మీరు విని ఉండరు. పాకం గింజకట్టిన తర్వాత దాన్ని గిరగిర తిప్పి, మడ్డిని బయటికి విసిరి చక్కెరను మిగిల్చే మిషన్లు అక్కడ ఆరు ఉండేవి. ఆ ఆరూ మా బాపు చెవి మీద నడిచేవి. పొడుగు స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడితే, ఏది ఎండిపోయిందో, ఏది అరిగిందో, ఏది ఇంకా ఎన్ని దినాలు వస్తుందో చెప్పేవాడు. డాక్టరు రోగి ఛాతీ విన్నట్టే. అట్లాంటి మిల్లు ఒక్క సీజనుకే మూస్తున్నామని చెప్పి మూశారు. ఆ ఒక్క సీజను ఏండ్లకు ఏండ్లు సాగింది. బాపు మాత్రం వచ్చే దసరాకు తెరుస్తారని ప్రతి దసరాకూ అనేవాడు.

ఆ మధ్యలోనే ఒకనాడు బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తిందామని ఇద్దరం ఆగాము. బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితం మీద బాపు చేతిరాత ఉంది. మిల్లు షిఫ్టు పుస్తకంలోని పేజీ అది. మూడో నంబరు వణుకుతున్నది, చూడవలెను, అని రాసి కింద సంతకం. ఎవరు అమ్మారో, తూకానికి ఎట్లా పోయిందో తెలియదు. బాపు బజ్జీలు నా చేతిలో పెట్టి, ఆ కాగితానికంటిన నూనెను బొటనవేలితో తుడిచి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత కాగితమన్నా, పుస్తకమన్నా ఆయనకు నమ్మకం పోయింది.

అందుకే లాప్‌టాపు ఇంటికొచ్చినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే. ఇందులో తెలుగు రాస్తారా, రాసింది చింపి బజ్జీలు కట్టరు కదా అని. కట్టరన్నాను. మరునాటి నుంచి పగటి అన్నం తిన్నాక బాపు గోడకు ఆనుకుని కూర్చుని చెప్పడం, నేను టైపు కొట్టడం మొదలైంది. మిల్లు మళ్ళీ తెరిచే నాటికి తను ఉన్నా లేకున్నా, వచ్చే కొత్త ఫిట్టరుకు ఆ ఆరు మిషన్ల గుణం తెలియాలన్నది ఆయన పట్టుదల. మూడో నంబరుకు ఎడమ కాలు కింద సీసం రేకు పెట్టినానని, అది చెత్త అనుకుని తీసెయ్యొద్దని, ఐదో నంబరు చలికాలం పొద్దున అలుగుతుందని, దాన్ని తిట్టకుండా కాసేపు ఉత్తగా తిప్పాలని చెప్పేవాడు. ఎద్దుల గురించి రైతు చెప్పినట్టుండేది. మధ్యలో నేను నా సొంత కల్పన కలపబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. నా కథలన్నీ నవ్వుకుంటూ నమ్మే మనిషి, ఇందులో మాత్రం నన్ను ఒక్క అక్షరం కలపనివ్వలేదు.

ఇక లాప్‌టాపు వేడి సంగతి. మొదట నేను దాన్ని బొంత మీద పెట్టుకుని కొట్టేవాణ్ణి, ఒడిలో కాలుతుంది కదా అని. బాపు కింద చెయ్యి పెట్టి తడిమి, దీని ముక్కు కింద ఉంటే నువ్వు మెత్తలో అదిమి పడుకోబెట్టినవని కోప్పడ్డాడు. బీడీల దారం అయిపోయిన ఖాళీ రీళ్ళు అక్క దగ్గర ఉంటే, నాలుగు తెచ్చి నాలుగు మూలల కింద పెట్టాడు. సగం వేడి తగ్గింది. తర్వాత స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. దుమ్ము తిన్నది, ఊపిరి అందక ఎక్కువ తిరుగుతున్నది, అందుకే అరుగుతున్నది అన్నాడు. కింది మూత విప్పితే నిజంగానే పంకా ముందరి రేకుల సందుల్లో గోధుమరంగు మెత్త ఒకటి పేరుకుని ఉంది. అక్క అదే అర్రలో కూర్చుని బీడీలు చుట్టేది. చాటలోని తంబాకు పొడి అంతా దాని కడుపులోకి పోయింది. సైకిలు పంపుతో గాలి కొట్టబోతుంటే బాపు ఆపి, అగ్గిపుల్లతో పంకా రెక్కను పట్టుకుని, ఇప్పుడు కొట్టు అన్నాడు. ఉత్తగాలికి తిరిగితే బేరింగు పాడవుతుందట. చదువుకున్న మెకానిక్కులు ఆ మాట చెప్పగా నేను చాలా ఏండ్ల తర్వాత విన్నాను. పని లేనిదాన్ని తిప్పొద్దన్న ఆయన మాట విని పని లేని ప్రోగ్రాములు మూసి పెట్టేవాణ్ణి. అంటే, ఆయన చెప్తుంటే చాటుగా ఆడుకునే పేకాట మూసెయ్యాల్సి వచ్చింది.

చలికాలమంతా అట్లా గడిచింది. అక్క బీడీల చాటతో వేరే అర్రకు మారింది. ఉగాది దాటి ఎండలు ముదిరాక పంకా మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కూత కాదు, సన్నని ఏడుపు. బాపు విని, బేరింగు అయిపోయింది, కొత్త పంకా వేసిందాకా దీన్ని ముట్టొద్దన్నాడు. నిజామాబాదులో రిపేరు చేసే అతను ఆ రకం పంకా పట్నం నుంచి తెప్పించాలి, పదిహేను దినాలు ఆగమన్నాడు. ఆగితే ఏం పోయేది? కానీ అప్పటికి బాపు అన్నీ చెప్పి, ఒక్కటే మిగిల్చుకున్నాడు. ఏండ్ల తరబడి ఆగిపోయిన మిషన్లను మళ్ళీ ఎట్లా లేపాలన్నది. ఏది ముందు విప్పాలి, దేనికి వేడి నూనె పట్టించాలి, మొదటి దినం ఎంత మెల్లగా తిప్పాలి, ఏ సప్పుడు వినిపిస్తే వెంటనే ఆపాలి. మిల్లు తెరిచేనాడు కావలసింది అదే. ఆయనకు అప్పటికే మోతిబిందు, అదే శుక్లం, కమ్మి కళ్ళు సరిగా కనపడేవి కాదు, ఆయాసం వేరే. పోనీ కాసేపే కొడతానంటే, దాని బాధ వినుకుంట నేనెట్ల చెప్పాలె కొడుకా అని అటు తిరిగి పడుకునేవాడు. మూడు దినాలు అట్లాగే పోయాయి. నాలుగోనాడు నాకు పాడు తెలివి పుట్టింది.

మా ఇళ్ళల్లో బీడీలు చుట్టే తునికాకు ఎండకు పెళుసుబారకుండా తడి గోనెపట్టాలో చుట్టి పెడతారు. రోహిణి కార్తెలో కూడా ఆ కట్ట లోపల చెయ్యి పెడితే బావిలో పెట్టినట్టుంటుంది. నేను ఒక గోనెపట్టా తడిపి, పిండి, లాప్‌టాపు కిందికీ వెనక్కీ చుట్టేశాను. వేడీ తగ్గుతుంది, ఏడుపూ వినపడదు. అక్క బీడీ చుట్టుకుంటూనే చూసి అన్నది.

"ఆకు సచ్చినంక తడిగుడ్డ సుడ్తరు తమ్మీ. ఊపిరున్నదానికి గట్ల సుడ్తరా?"

నేను వినలేదు. బాపు వచ్చి కూర్చుని, తల పక్కకు వంచి, ఏడుపు ఏదీ అని అడిగాడు. నిజామాబాదు అతను పొద్దున్నే వచ్చి బొంబాయి నుంచి తెప్పించిన కొత్త పంకా వేసిపోయాడని, అది ముసలమ్మలు రామకోటి రాసుకున్నంత నిమ్మళంగా తిరుగుతుందని చెప్పాను. జీవితంలో ఎన్నో అబద్ధాలాడాను, అంత నున్నగా ఒక్కటీ ఆడలేదు. బాపు ముఖం విప్పారింది. ఆ పగలు ఆయన చెప్పినట్టు ఎన్నడూ చెప్పలేదు. ఒక్కొక్క నట్టు, ఒక్కొక్క మూత, వేళ్ళు గాలిలో తిప్పుకుంటూ, మిల్లులోనే నిలబడ్డట్టు చెప్పాడు. ఇంకా సగం ఉందనగా తెర ఒక్కసారి మిణుక్కుమని నల్లబడింది. వేడి ప్లాస్టిక్కు వాసన, తడి గోనె వాసన కలిసి వచ్చాయి. నేను ఆపలేదు. ఆపితే ఆయన ఆగిపోతాడని, మళ్ళీ ఆన్ చేస్తే అన్నీ ఉంటాయని, నల్లని తెర ముందు వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను.

మరునాడు పొద్దుటి బస్సులో నిజామాబాదు పోయాను. రిపేరు అతను మూత విప్పి, నీళ్ళతో నానిన తంబాకును సన్నని చిమటాతో పట్టి తీసి కాగితం మీద పెట్టి, ఇది కంప్యూటరా పాన్‌డబ్బానా అని అడిగాడు. నవ్వు రాలేదు. రాసినవన్నీ ఉండే డిస్కు ఉడికి, తడిసి, పనికిరాకుండా పోయింది. ఇంకోచోట నకలు పెట్టుకోలేదా అన్నాడు. పెట్టుకోవాలని నాకు తోచనే లేదు. చలికాలం నుంచి చెప్పినదంతా, ఆరు మిషన్లూ, సీసం రేకూ, ఐదో నంబరు అలకా, దేనికీ ఆనవాలు లేకుండా పోయాయి.

ఇంటికొచ్చేసరికి బాపు గోడకు ఆనుకుని సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. నిన్నటిది మంచిగా కుదిరింది, ఇంకొన్ని మరిచిన, రాసుకో అన్నాడు. చెప్పేద్దామనే కూర్చున్నాను. బజ్జీల కాగితం తుడిచిన ఆ బొటనవేలు కనపడింది. నాలుగు రీళ్ళ మీద చచ్చిన లాప్‌టాపు పెట్టి, మూత తెరిచి, టకటక కొట్టడం మొదలుపెట్టాను.

అట్లా వానలు పడిందాకా కొట్టాను. ఆయన చెప్తుంటే మనసులో పెట్టుకుని తర్వాత నోటుబుక్కులో రాసుకుందామనుకునేవాణ్ణి. రెండు పేజీలు రాశాను కూడా. అయితే చేతులు అబద్ధం ఆడుతుంటే చెవులు నిజం పట్టుకోలేవన్నది నాకు అప్పుడే తెలిసింది. ఒక పగలు, బయట వాన పడుతుండగా, బాపు చెప్తూ చెప్తూ ఆగి, చెయ్యి చాపి, లాప్‌టాపు కింద రీళ్ళ మధ్యకు అరచెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు.

"ఆగిన మిషినే గింత సల్లగుంటది కొడుకా" అన్నాడు.

నా వేళ్ళు ఆగిపోయాయి. ఆయన చెయ్యి తీసి, పంచెకు తుడుచుకుని, మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

"ఆపకు. నువ్వు కొట్టు, నేను చెప్త."

స్క్రూడ్రైవరు పిడిలోంచి బేరింగు ప్రాణం వినే మనిషికి, మూడు జానల దూరంలో ఉన్న పంకా తిరుగుతుందో లేదో మొదటి దినమే తెలియకుండా ఉంటుందా? తెలిసే చెప్పాడు. మిల్లు తెరవరని తెలిసే ప్రతి దసరాకూ తెరుస్తారన్నాడేమో. ఆ దసరాకు ముందే బాపు పోయాడు. మరుసటి ఏడు లారీలు వచ్చి, గ్యాసుతో కోసి, ఆ ఆరు మిషన్లనూ ముక్కలుగా ఎక్కించుకుపోయాయి. మూడో నంబరు ఎడమ కాలు కింద సీసం రేకు ఉందో లేదో చూద్దామని పోయాను. అప్పటికే అక్కడ నేల తప్ప ఏమీ లేదు. ఇప్పుడైతే తుమ్మ చెట్లు మొలిచాయి.

ఆగిన మిషన్లను ఎట్లా లేపాలో ఆయన చెప్పింది నాకు కొంత యాదికుంది. వేడి నూనె ముందా, మూత విప్పడం ముందా అన్న చోట తడబడతాను. మధ్యలో గుర్తు రాని చోట్ల ఇన్నేండ్లలో నేనేమేమి కలిపానో నాకే తెలియదు. ఒక్క అక్షరం కలపనివ్వని మనిషి మాట, సగం తీసేసి వినవలసిన నోట్లో మిగిలింది. పైగా ఇప్పుడు లేపడానికి ఏ మిషనూ లేదు, అడిగేవాళ్ళూ లేరు. అప్పట్లో ప్రతి వస్తువూ కూసేది, మూలిగేది, వణికేది, తన బాధ తానే చెప్పుకునేది, వినే చెవి ఒకటి ఇంట్లో ఉండేది. ఇప్పటివి సప్పుడు లేకుండా నడిచి, సప్పుడు లేకుండానే పోతాయట. మా బిడ్డ పని చేసుకుంటుంటే నేను పక్కన కూర్చుని ఉంటాను. నడుస్తుందామ్మా అని అడుగుతాను. నడుస్తుందంటుంది. ఆమె లేచి పోయినప్పుడు మళ్ళీ దాని కింద అరచెయ్యి పెడతాను. సల్లగానే ఉంటుంది. నడుస్తున్నదో ఆగిపోయిందో చెప్పడానికి నా దగ్గర బాపు చెవి లేదు.