మర్యాదకి తాగిన టీ

ఇరవయ్యేళ్ళ వయసులో మనం చేసే పనుల్లో సగం ఎవరో ఒకరి నోరు మూయించడానికే చేస్తాం. నేను హిమాలయాలకి వెళ్ళింది అందుకే. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లున్న మా బావ (మేనమామ కొడుకు, మా ఇద్దరి పోట్లాటలూ రెండిళ్ళకీ కాలక్షేపం) తన చెల్లెలితో, కాలేజీ స్నేహితులతో కలిసి నేపాల్లో షెర్పాల ఊళ్ళ మీదుగా నడిచి, రెండు శిఖరాల మధ్య దారిగా ఉన్న ఒక కనుమ ఎక్కడానికి బయల్దేరుతున్నాడు. నేనూ వస్తానన్నాను. "మీ మండవల్లిలో చేపల చెరువు గట్టెక్కితేనే రొప్పుతావు, నీకెందుకే కొండలు?" అన్నాడు. అంతే, కనుమ మీద నిలబడి ఫోటో దిగి తీరతానని అమ్మ ముందు ఒట్టేశాను.

దారిలో రొప్పలేదని చెప్పను గానీ, కనుమ కింద ఆఖరి ఊరికి అందరితో పాటే చేరాను. మర్నాడు పొద్దున్న బయల్దేరబోతుంటే, మాకు బస ఇచ్చిన ఇంటావిడ (మా పెద్దక్క వయసుంటుంది) పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వెన్నా ఉప్పూ వేసిన టీ పోసింది. పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్ళని అవమానించినట్టేనని నేర్చుకుని పెరిగినదాన్ని కదా, కళ్ళు మూసుకుని తాగేశాను. ఆవిడ మళ్ళీ నింపింది. మళ్ళీ తాగాను. "చాలండి, వద్దండి" అన్నాను. మా వైపు అలా అన్నవాళ్ళకి ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది. ఆవిడా అదే చేసింది. మర్యాదల్లో మమ్మల్ని మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. పాపం, ఎంత అమాయకత్వం!

ఊరు దాటగానే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. బావ ఎగతాళి చెయ్యలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఇంత ఎత్తులో వాంతులైతే పైకి వెళ్ళకూడదు. నువ్వు వెనక్కెళ్ళి ఊళ్ళోనే ఉండు, సాయంత్రానికి దిగొచ్చేస్తాం."

"టీ వల్ల బావా, ఒట్టు."

"అందరూ అలాగే అంటారు."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే చేరాను. "అంత ఎందుకు తాగావు?" అంది ఆవిడ. (ఆవిడకొచ్చిన హిందీ, నాకొచ్చిన హిందీ కలిపినా ఒక వాక్యం నిండేది కాదు; మిగతాది చేతులతో నడిపించాం.) మీరు పోస్తున్నారని, అన్నాను. "నువ్వు ఖాళీ చేస్తున్నావని పోశాను. చాలనుకుంటే నిండు కప్పు అలాగే వదిలెయ్యాలి" అంది. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. నవ్వుతూనే నేను ఏడుపులోకి దిగిపోయాను. అంత దూరం వచ్చి కనుమ చూడకుండానే వెళ్ళిపోవాలి.

"పైన ఎలా ఉంటుందండీ?" అనడిగాను.

"నేనెప్పుడూ వెళ్ళలేదు" అంది, బంగాళాదుంపల తొక్క తీస్తూ. పుట్టింది ఆ ఊళ్ళోనేనట. "అక్కడ నావాళ్ళెవరూ లేరు. నీకెవరున్నారు?"

ఫోటో సంగతి చెబుదామని నోరు తెరిచాను. "మా బావ" అనేశాను. ఆవిడ కత్తి ఆపి నా మొహం చూసి నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి.

సాయంత్రం బావ దిగొచ్చి ఫోన్లో ఫోటోలన్నీ చూపించాడు. ఎంత బాగున్నాయో, కుళ్ళు పుట్టింది. "నువ్వూ ఉంటే బాగుండేదే" అన్నాడు మెల్లిగా. నేను వెంటనే, నన్ను వదిలేసి వెళ్ళి ఇప్పుడు కబుర్లా అని పోట్లాటకి దిగాను. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బావకిప్పుడు ఇద్దరు పిల్లలు, భార్య మంచి మనిషి. నాకూ మా ఆయనతో ఏ లోటూ లేదు. అయినా అప్పుడప్పుడూ అప్పటి నేను, ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది. కొండెక్కడానికి అన్ని తిప్పలు పడింది గానీ, "అవును బావా" అనడానికి మాత్రం దానికి ఊపిరి చాల్లేదు.