‘ఒరే బావా’ తిట్టా?

ఈ సాయంత్రం విజయనగరంలో ఫుట్‌బాల్ ఆటకు వెళ్లాను. మా క్లబ్బు గోల్‌కీపరు చేతిలోని బంతి జారవిడవగానే, నా పక్కనున్న చేపల వ్యాపారి అప్పన్న లేచి, "ఒరే బావా, సూసుకోరా!" అని అరిచాడు. క్లబ్బువాళ్లు వేరే ఊరి నుంచి తెచ్చిన కాపలాదారు వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు.

"ఆటగాణ్ణి తిడతావా? బయటికి నడు. ఇంకెప్పుడూ లోపలికి రానివ్వం."

"తిట్టడమేటి బాబూ? ఆడు మా సెల్లిని సేసుకున్నోడు. ఒరే అనక అండీ అంటానేటి?"

అతను వినకుండా ఈడుస్తున్నాడు. టికెట్టు కొన్న మనిషిని అలా లాగుతుంటే మా వరుసంతా లేచింది. ఎప్పుడూ నోరు విప్పని నేనూ అడ్డంగా నిలబడ్డాను. అంతలో గోలు దగ్గర నుంచి గోల్‌కీపరు కేక వినిపించింది.

"ఒరే బావా, ఏటయిందిరా? కూకో!"

కాపలాదారు చెయ్యి వదిలేశాడు. ఆ లెక్కన గోల్‌కీపర్నీ బయటికి పంపాలి కదా, మీరేమంటారు?