అవ్వ ముట్టని రొట్టె

పేరు రాయను. ఆరేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. భార్యకు చెప్పలేదు, పాస్టరుగారికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల. ఒకప్పుడు బాగా తాగేవాణ్ణి. పొద్దున్నే ఒక చుక్క పడితేగానీ చేతుల వణుకు ఆగేది కాదు. మా అమ్మను అవ్వ అంటాం. ఆమే నన్ను మొయినాబాద్‌లో తాగుడు మాన్పించే సెంటర్‌లో చేర్పించి, రోజూ బస్సులో వచ్చి గేటు దగ్గర కూర్చునేది. మానేశాను. చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను, తాగుబోతునైన నన్ను దేవుడు లేపాడని. ఊరంతా విన్నది.

రెండేళ్లకు రక్షణ శాఖ ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. రహస్యాలుండే చోటు కాబట్టి చేర్చుకునే ముందు గతమంతా విచారిస్తారు. ఫారంలో ఒక ప్రశ్న: మద్యం అలవాటుకు ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా? దేవుడి ముందు, ఊరి ముందు చెప్పుకున్నవాణ్ణి, ఆ చిన్న గడిలో ఎందుకు రాయలేకపోయాను? లేదు అని రాశాను.

విచారణకు మనిషి ఇంటికొస్తాడని తెలిసి అవ్వ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, తాగుడు ముచ్చట అడిగితే లేదని చెప్పు."

"గట్ల ఎట్ల చెప్పాలె బిడ్డా? మానినవు గద. చెప్పుకుంటె ఏమైతది?"

"నౌకరి పోతది."

"నౌకరి పోతే మళ్ల తాగుతవేమోనని నా భయం," అన్నది అవ్వ. "సరే, చెప్త."

విచారణకు వచ్చినతనికి లేదనే చెప్పింది. అతను అడిగితే పక్కింటివాళ్లు కూడా ఆమె ముఖం చూసి నోరు మెదపలేదు. ఆ సమయంలో నేను చాయ్ పేరు చెప్పి వంటింట్లో దాక్కున్నాను.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె అవ్వ దాకా వచ్చింది. ఆమె తీసుకోకుండా పళ్లెం పక్కామెకు అందించింది. దాచిన పాపంతో ఆ రొట్టె ముట్టకూడదని ఆమె నమ్మకం. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుందని ఒప్పుకోదు, ఒప్పుకోకుండా ముట్టదు. ఆరేళ్లుగా ఇంతే. మరి నేను? ప్రతిసారీ తీసుకుంటున్నాను, లేకపోతే నలుగురూ అడుగుతారని.

మొన్న క్యాంటీన్‌లో కొత్తగా చేరిన గుంటూరాయన టీ తాగుతూ మామూలుగా అన్నాడు: "నాకూ తాగుడు ఉండేదండీ. ఫారంలో రాసేసి, ట్రీట్‌మెంట్ కాగితాలు జతచేశాను. నాలుగు ప్రశ్నలడిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. దాచినట్టు తెలిస్తేనే ప్రమాదమంట."

చేతిలో గ్లాసు ఉందన్న సంగతే మరిచిపోయాను. అడ్డంకే కాదా? మానేసినవాళ్లను తీసుకుంటారా? అయితే అవ్వ చేత ఎందుకు చెప్పించాను? నా కాగితాలు కూడా బీరువాలోనే ఉన్నాయి కదా. ఎంత తిప్పి తిప్పి ఆలోచించినా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

అవ్వకు ఈ సంగతి చెప్పలేదు. తన అబద్ధమే నన్ను కాపాడిందని ఆమె అనుకుంటోంది. ఆ అబద్ధం అవసరమే లేకపోయిందని ఏ నోటితో చెప్పను? ఆఫీసులో చెబుతానా? ధైర్యం వచ్చేసిందని మీ దగ్గర కూడా అబద్ధమాడలేను. ఇది రాస్తుంటే మాత్రం గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది. నేను చికిత్స తీసుకున్నాను. లేదని రాసింది నేనే. మా అవ్వ అబద్ధమాడే మనిషి కాదు, ఆడించింది నేను.