పక్కటెముక నొప్పి, నేను అనుకున్న నీళ్ళ రోగం

తమ్ముడు జోయెల్ ఏదో జోకు చెబితే నవ్వుతూ నవ్వుతూ నా బిడ్డ జెస్సీ సగంలో ఆగిపోయింది. ఎడమ పక్కన చెయ్యి పెట్టుకుని, పెదవులు బిగబట్టి గోడ వైపు తిరిగింది. పన్నెండేళ్ళ పిల్ల నవ్వును మింగడం అంతకుముందు నేను చూడలేదు. ఏదో తేడా ఉందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

మేం నల్లగొండలో కిరాయికి ఉంటాం. మా ఆయన హైదరాబాద్ రోడ్డు మీద ఒక గో-కార్ట్ ట్రాక్‌లో మెకానిక్. గో-కార్ట్ అంటే నేలకు జానెడు ఎత్తులో పరిగెత్తే, పైకప్పు లేని చిన్న రేసు బండి. ఆయన వారమంతా అక్కడే ఉండి సోమవారం ఇంటికి వస్తాడు. ఆదివారం చర్చి కాగానే నేను పిల్లల్ని బస్సులో అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. గిరాకీ తగ్గాక జెస్సీ బండి నడిపేది. బాగా నడుపుతోందని ఓనరే పిల్లల పోటీకి పేరు రాయించాడు. అది జెస్సీకి మొదటి పోటీ. ఇక తండ్రీబిడ్డలకు వేరే మాట లేదు, ఏ మలుపులో ఎక్కడ బ్రేకు వెయ్యాలన్నదే.

కానీ ఆ రోజు నాకు బండి గుర్తుకు రాలేదు. మర్రిగూడ గుర్తొచ్చింది.

నేను అక్కడే పుట్టి పెరిగాను. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మా నాయిన నడివయసుకే మెడ తిప్పలేకపోయాడు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. ఆ ఊళ్ళో ఎవరికి ఏ బొక్క, ఏ ఎముక నొచ్చినా ముందు నీళ్ళ రోగమే అంటాం. నేను తాగిన నీళ్ళు నా కడుపులోంచి నా బిడ్డకు పోయాయేమోనని భయపడ్డాను. ఇంట్లో తాగే క్యాన్ నీళ్ళు వేరే చోటు నుంచి తెప్పించాను. టీలోనూ ఫ్లోరైడ్ ఉంటుందని మాన్పించాను, పాలు తాగించాను. క్లినిక్‌లో కూర్చోగానే మాది మర్రిగూడ అని నేనే ముందు చెప్పాను. ఆ డాక్టర్ ఇంకేమీ అడగకుండా కాల్షియం మాత్రలు రాశాడు. ఫోన్లో చెబితే మా ఆయన కూడా నీళ్ళ సంగతి నాకే బాగా తెలుసన్నాడు. ప్రాక్టీసు ఆగలేదు.

కొన్ని వారాలకు దగ్గినా ఏడ్చే స్థితికి వచ్చింది. అప్పుడు పెద్ద దవాఖానలో ఎముకల డాక్టర్‌కు చూపించాను. అక్కడా మర్రిగూడ గురించే మొదలుపెట్టాను. ఆయన చేత్తో ఆపమన్నాడు.

"అమ్మా, రోగం పేరు మీరు చెప్పకుండ్రి. పాపా, నొప్పి ఎక్కడనో ఒక్క వేలు పెట్టి చూపియ్యి."

జెస్సీ ఎడమ పక్కన ఒకే చోట వేలు పెట్టింది.

"నీళ్ళ రోగమైతే గిట్ల ఒక్క వేలికి దొరకదు. ఏం ఆట ఆడుతది?"

చెప్పాను. ఎక్స్‌రే తీశారు. పక్కటెముకలో వెంట్రుకంత సన్నని పగులు, హెయిర్‌లైన్ ఫ్రాక్చర్. అతుక్కుంటున్న చోటే మళ్ళీ మళ్ళీ దెబ్బ తగులుతోందని చెప్పాడు. బండి సీటు పెద్దవాళ్ళ కొలత. మలుపు తిరిగిన ప్రతిసారీ పిల్ల పక్కకు జరిగి సీటు అంచుకు గుద్దుకుంటోంది. ఎముక పూర్తిగా అతికేదాకా బండి వద్దన్నాడు. పోటీ తేదీ అంతకంటే ముందే ఉంది.

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన, "కొంచెం తక్కువైతే పోటీ నాటికన్న నడపొచ్చునా, అడిగినవా?" అన్నాడు.

"ఊపిరి పీలిస్తే ఏడుస్తున్నది. నీకింకా పోటీ కనపడుతున్నదా?" అని పెట్టేశాను.

అంతటితో పోలేదు. నొప్పికి భయపడి జెస్సీ పైపైనే ఊపిరి తీసుకునేది. జ్వరం వచ్చింది. గాలి సరిగా అందక ఊపిరితిత్తి కింది భాగంలో ఇన్ఫెక్షన్ అని పిల్లల వార్డులో పెట్టారు. స్పైరోమీటర్ అని మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంలోంచి గట్టిగా పీలిస్తే బంతులు లేవాలి. జెస్సీకి ఒక్కటే లేచేది, అదీ సగం దాకా.

పక్క మంచాల వాళ్ళు ఏమైందని అడిగితే మెట్ల మీద పడిందని చెప్పాను. ఆడపిల్లకు రేసులేంటని అడుగుతారని భయం. ఒకసారి అలా చెప్పాక మనసులో మాట ఎవరితోనూ చెప్పుకునే వీల్లేకుండా పోయింది. నిజం తెలిసిన మా వదిన మాత్రం, "స్కూటీ నేర్పకముందే కారు నేర్పిన్రా?" అని నవ్వింది. మా ఆయన ఒక మధ్యాహ్నం వచ్చి, బిడ్డ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆఖరు బస్సుకు వెళ్ళిపోయాడు. శనాదివారాలు ట్రాక్ వదిలి రావడానికి లేదు.

సీటు గుద్దుకున్నప్పుడే నొస్తుందని ఎందుకు చెప్పలేదని జెస్సీని ఆ సాయంత్రం అడిగాను.

"సీటుకు స్పాంజి బాపే కుట్టిండు. నొస్తున్నదంటే నువ్వు బాపును తిడతవని."

అది అన్నది నిజమే.

పోటీ జెస్సీ లేకుండానే జరిగిపోయింది. మిగతా పిల్లల బండ్లు చూసుకునే పని మా ఆయనకే పడింది. వీడియో పంపాడు. మంచంలో పడుకుని అది చూస్తుంటే జెస్సీ చేతులు దుప్పటి మీదే స్టీరింగ్ తిప్పాయి. నేను చూడనట్టే ఉన్నాను.

ఇప్పుడు మూడు బంతులూ లేస్తున్నాయి. దగ్గితే నొప్పి లేదు. మొన్న డాక్టర్ ఇంకో ఎక్స్‌రే చూసి, ఎముక అతికింది, ఒంటికి సరిపోయే సీటు, పక్కటెముకలకు గార్డు ఉంటే నడపొచ్చన్నాడు. మా ఆయన పిల్ల నడుము కొలిపించి చిన్న సీటు బిగించాడు. వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. పంపాలో వద్దో తేల్చాల్సింది నేనేనన్నాడు.

నాలాంటి తల్లులకు చెప్పేది ఒక్కటే. దవాఖానకు పోతే మీ ఊరి రోగం పేరు చెప్పకండి. పిల్లకు ఎక్కడ నొప్పి, ఏ ఆట ఆడుతుంది, ఏ పని చేస్తుంది, అవి దాచకుండా చెప్పండి.

బండి నడపొచ్చని డాక్టర్ అన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పాను.

"జెస్సీ, పోటీకి పోదాం. నాకు భయమైతది, అది నేను చూసుకుంట. నీకు నొప్పి లేస్తే చెయ్యెత్తి బండి పక్కకు ఆపు. జోయెల్, అక్క ఆపితే ఓడిపోయిందని స్కూల్ల చెప్పకు. ఏదైనా కానియ్యి, మీ బాపును నేనొక్క మాట అనను."