ఆరో ప్యానెల్ మీద వడియాలు

పటమటలో మా తొమ్మిదంతస్తుల అపార్టుమెంటుకి నేను సెక్రటరీని. మీటింగుకి ఆలస్యంగా వెళ్లినవాడికి అంటగట్టే పదవి అది. ఆ హోదాలో నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం, డాబా నిండా సోలార్ ప్యానెళ్లు పెట్టించడం. "ఎండ ఎలాగూ మన ప్రాణం తీస్తోంది, లిఫ్టునైనా లాగనివ్వండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా నానమ్మ మాత్రం, "మరి నా వడియాలెక్కడ పెట్టుకోనురా?" అంది. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు.

వేసవిలో ఆ డాబా ఆవిడది. తాతయ్య పాత పంచె తడిపి పరిచి, గుమ్మడి వడియాలు పెట్టి, సాయంత్రం దాకా కాకులతో తగాదా పడేది. మోకాళ్లు అరిగాక ఇంట్లో ఆవిణ్ణి ఏ పనీ ముట్టుకోనివ్వలేదు మేం. ఆవిడకంటూ మిగిలింది అదొక్కటే.

కిందటేడు ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం ఫోన్లో యాప్ చూస్తే, అన్ని ప్యానెళ్లూ దంచి కొడుతున్నాయి, ఆరోది సున్నా దగ్గర కూర్చుంది. పైకి వెళ్లాను. నడుమెత్తున ఉన్న ఆ ప్యానెల్ మీద పంచె, నాలుగు మూలలా తాళ్లు, వరసగా వడియాలు. పక్కన గొడుగేసుకుని నానమ్మ.

"అద్దం భలే కాలుతోందిరా. రెండ్రోజుల్లో గలగలలాడతాయి," అంది. సోలార్‌ని మా అందరికంటే ముందు ఆవిడే అర్థం చేసుకుంది.

నవ్వి ఊరుకోవాల్సింది. ఫొటో తీసి అపార్టుమెంటు గ్రూపులో పెట్టాను: "ఆరో ప్యానెల్ కరెంటు మానేసి వడియాలిస్తోంది. ఫ్లాటుకి నాలుగు."

సాయంత్రం లిఫ్టులో మూడో అంతస్తావిడ, "ఏవండీ మామ్మగారూ, మా నాలుగూ ఎప్పుడిస్తారండీ?" అంది. లిఫ్టులో అందరూ నవ్వారు. విషయం నానమ్మకి అప్పుడే తెలిసింది. తనూ నవ్వింది. మర్నాడు పొద్దున చూస్తే, పచ్చి వడియాలు పంచెతో సహా వంటింటి మూల మూటగట్టి ఉన్నాయి.

లిఫ్టు గది పక్కన చోటు చేయిస్తానన్నాను. మంచం వేయిస్తానన్నాను.

"వద్దులే నాన్నా. మళ్లీ నీ కరెంటు తగ్గిపోద్ది."

ఎత్తిపొడుపైతే తట్టుకునేవాణ్ణి. నిజంగానే అంది. ఆ తర్వాత డాబా ఎక్కలేదు. వానలు మొదలయ్యాక పోయింది.

ఈ ఏప్రిల్లో మినప్పప్పు నానబోసి, రుబ్బి, గుమ్మడికాయ తరిగి, ఆ పంచె తడిపి ఆరో ప్యానెల్ మీద పరిచాను. నా వడియాలు ఒక్కోటి ఒక్కో జిల్లా ఆకారంలో వచ్చాయి. కాసేపటికి ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు.

"సెక్రటరీ గారూ, ఆరోది మళ్లీ సున్నాకి పడిపోయిందండీ. ఇదీ ఏమన్నా జోకా?"

"కాదండీ," అన్నాను. "సాయంత్రం దాకా అలా ఉండనివ్వండి."

ఫోన్ జేబులో పెట్టుకుని, గొడుగు తెరిచి, కాకుల్ని తోలుతూ నిలబడ్డాను.